షెడ్ల బడి సగటు

ఆ ఇంట్లో కోడళ్ళు ఇద్దరు, ఇద్దరూ ప్రభుత్వ బాలబడి టీచర్లే. రెండు కొప్పులు ఒకచోట ఇమడవని లోకం అంటుంది గానీ, అక్కడ కొప్పులు బాగానే ఇమిడాయి. ఇమడనివల్లా మార్కులు. ఏటా సెలవులకు ముందు విద్యాశాఖ వాళ్ళు బాలబడుల్లోని నాలుగేళ్ళ పిల్లలకు పరీక్ష పెడతారు. అందులో చిన్నకోడలి బడి ఎప్పుడూ మొదట, పెద్దకోడలి బడి ఎప్పుడూ చివర. అత్తగారికి ఈ వరస కంఠతా వచ్చు. కూర కుదిరితే "ఇది చిన్నదాని మార్కు" అనేది. కుదరకపోతే ఏమీ అనకుండా పెద్దకోడలి వైపు చూసేది. అనకపోవడంలో ఆవిడకున్న నేర్పు అంతా ఇంతా కాదు.

నాలుగేళ్ళ పిల్లలకు పరీక్షేమిటని అడగకండి. అడిగినవాళ్ళకు ఆ శాఖలో ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ విద్యామండలం చిన్నది. అందులో బాలబడులు నాలుగంటే నాలుగు. చిన్నకోడలిది గుట్టమీద, ఆఫీసర్ల క్వార్టర్ల మధ్య ఉంది. కిటికీలకు తెరలు, పిల్లలకు ఎవరి చిన్న బల్ల వాళ్ళకు. తల్లిదండ్రులు పిల్లలను కార్లలో దింపి, టీచరుతో రెండు నిమిషాలు మాట్లాడి మరీ వెళ్తారు. పెద్దకోడలిది పట్నం చివర, పార్సెళ్ళు కట్టే షెడ్ల వెనక ఉంది. అటూ ఇటూ లారీలు. బెల్లు కొట్టక్కర్లేదు, షెడ్డు సైరనే బెల్లు. తల్లులు సైరన్ మోగుతుండగా పరుగున వచ్చి, పిల్లలను గుమ్మంలో వదిలి, పరుగున వెళ్ళిపోతారు. వాళ్ళంతా ఎక్కడెక్కడి నుంచో పనికోసం వచ్చినవాళ్ళు. ఆ ముప్పై చిల్లర పిల్లల ఇళ్ళలో కలిపి నాలుగు భాషలు మాట్లాడతారు. బడి భాష ఆ నాలుగింట్లో ఒకటి మాత్రమే, అదీ చాలామందిది కాదు.

ఆ ఏడు మండలాధికారి నలుగురు టీచర్లనూ పిలిచాడు. ఆయన్ను వెనకాల అందరూ సగటు సారు అంటారు. ఏ మాట మొదలెట్టినా సగటు దగ్గరే తేలతాడు. ఇంట్లో భోజనం బాగుందా అంటే "సగటున బాగుంటుంది" అన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమో కాదో తెలీదు, అనే మనిషే.

"జనాభా మారిపోయిందండీ," అన్నాడు సగటు సారు. "పాత ఇళ్ళలో పిల్లలు తగ్గిపోయారు. గుట్టమీద బడిలో ఉన్నది తొమ్మిది మంది. షెడ్ల వైపు పిల్లలే పిల్లలు, కానీ ఫలితాలు చూస్తే చెప్పుకునేట్టు లేవు. నాలుగు బడులు నడపడం మన వల్ల కాదు. ఒకటి ఎత్తేయాలి."

"ఏది ఎత్తేస్తారండి?" అంది పెద్దకోడలు.

"పద్ధతి చెప్తాను. ఈసారి పరీక్షలో సగటు సగానికి తగ్గిన బడి ఉండదు. ఎంతమంది పిల్లలున్నా సరే. అందరూ సగం దాటారనుకోండి, అప్పుడు పిల్లలు తక్కువున్న బడి పోతుంది. ఆ పిల్లల్నీ టీచరునీ ఇంకో బడిలో కలుపుతాం."

లెక్క అర్థం కావడానికి పెద్దకోడలికి ఎంతోసేపు పట్టలేదు. మిగతా రెండు బడులకూ ఏ భయమూ లేదు, వాటికి పిల్లలూ ఉన్నారు, మార్కులూ ఉన్నాయి. తనవాళ్ళు సగం దాటకపోతే తన బడి పోతుంది. దాటితే తోడికోడలి బడి పోతుంది. ఆమె పక్కకు తిరిగి చూసింది. చిన్నకోడలు అప్పటికే తనవైపు చూస్తోంది.

తన బడి పోతే టీచరుగా తనకు పోయేదేమీ లేదు. గుట్టమీద ఒక కుర్చీ వేస్తారు. కానీ షెడ్ల పిల్లలను గుట్టమీదకు ఎవరు తీసుకెళ్తారు? తల్లులకు సైరన్‌కూ సైరన్‌కూ మధ్య ముక్కు చీదుకునే తీరికుండదు. పిల్లలు మళ్ళీ షెడ్లలో అట్టపెట్టెల మధ్య, తోపుడుబండ్ల కింద పెరుగుతారు. ఈ బడి పెట్టకముందు అలాగే పెరిగారు. ఒక పిల్లవాడి కాలివేళ్ళు బండి చక్రం కింద పడ్డాకే ఈ బడి వచ్చింది. అది పెద్దకోడలు మరిచిపోలేదు.

మరి ఆ పిల్లలకు మార్కులెందుకు రావు? మొద్దులా అంటే కాదు. అన్నీ వచ్చు. రంగులు చెప్తారు, గోళీలు లెక్కపెడతారు, బొమ్మ చూపిస్తే దాని చుట్టూ ఇంత కథ అల్లుతారు. కాకపోతే ఒక్కళ్ళే చెప్పరు.

దానికి కారణం పెద్దకోడలు పెట్టిన జోడు. కొత్తపిల్ల ఎవరైనా గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే, లోపలున్నవాళ్ళలో ఎవరో ఒకరు లేచి వెళ్ళి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఆ రోజునుంచి వాళ్ళిద్దరూ జోడు. ఏ ప్రశ్న అడిగినా తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు చెవిలో చెప్పాలి, తర్వాత ఇద్దరూ కలిసి పైకి చెప్పాలి. జోడుకు అర్థం కాకముందే నోరు తెరిస్తే తప్పు. నాలుగు భాషల పిల్లలతో ఒక్క టీచరు వేగాలంటే ఇంకేం చేస్తుంది? పిల్లలే ఒకళ్ళకొకళ్ళు టీచర్లయ్యారు. మూడు నెలలు తిరిగేసరికి కొత్తపిల్లలు గలగలా మాట్లాడేవాళ్ళు. పెద్దకోడలికి ఆ జోడంటే కన్నబిడ్డంత గర్వం.

పరీక్ష మాత్రం వేరే గదిలో, తలుపు వేసి, ఒక్కొక్కరినే కూర్చోబెట్టి పెడతారు. ప్రశ్న రెండుసార్లు అడుగుతారు. జవాబు రాకపోతే సున్నా. షెడ్ల పిల్లలు ఆ గదిలో బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చునేవాళ్ళు. నిరుడు ఒక పిల్ల ఎర్రబంతి చూపించగానే లేచి వెళ్ళి తలుపు బాదిందట, బయటున్న జోడును పిలవడానికి. పరీక్ష పెట్టినాయన "జవాబు లేదు, కుదురు లేదు" అని రాసుకుపోయాడు. "అడగడం చేతకాక పిల్లల్ని అంటాడేమిటి?" అని పెద్దకోడలు ఇంటికొచ్చి రుసరుసలాడింది. తన జోడుకేసి మాత్రం చూడలేదు. ఎవరి పిల్ల వాళ్ళకు ముద్దు కదా.

ఈ ఏడు ఇంకో తిరకాసు పెట్టారు. ఒక బడి పిల్లలకు ఇంకో బడి టీచరు పరీక్ష పెట్టాలన్నారు. చీటీలు తీస్తే షెడ్ల బడికి చిన్నకోడలు వచ్చింది.

ఆ సాయంత్రం వంటింట్లో పెద్దకోడలు గిన్నెలు తోముతుంటే చిన్నకోడలు పక్కన నిలబడి తుడుస్తోంది.

"అక్కా, నేను ఉన్నదే వేస్తాను. తర్వాత నన్నేమీ అనుకోవద్దు."

"ఉన్నదే వెయ్యి. లేనిది వెయ్యమని నేనెప్పుడడిగాను?"

ముందుగదిలోంచి అత్తగారు అందుకుంది. "ఏ బడి పోయినా నాకు మంచిదేనర్రా. మీలో ఒకళ్ళకి పని తగ్గుతుంది, నా మోకాళ్ళకి మందు రాసే మనిషి దొరుకుతుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడ మోకాళ్ళు ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి. నవ్వు ఆగాక చిన్నకోడలు గొంతు తగ్గించింది.

"నీ పిల్లలకి అన్నీ వచ్చక్కా. ఆమధ్య మీ బడికి వచ్చినప్పుడు చూశాను కదా. ఒంటరిగా కూర్చోబెడితే నోరు విప్పరు, అంతే. ఆ జోడు తీసెయ్."

"తీసేసి?"

"ఎవరి కుర్చీలో వాళ్ళని కూర్చోబెట్టు. ఒక్కొక్కళ్ళనే అడుగు. చెప్పినవాళ్ళకి ఏదైనా ఇవ్వు. మా పిల్లలకి నేను చుక్కలు అంటిస్తాను, బంగారు కాగితం చుక్కలు. చచ్చినట్టు చెప్తారు."

"మావాళ్ళు చెప్తే మీ బడి పోతుందే."

చిన్నకోడలు చేతిలో పళ్ళెం తుడవడం ఆపలేదు. ఆ పళ్ళెం ఎప్పుడో ఆరిపోయింది. "మాది తొమ్మిది మంది. కార్లున్నాయి, ఎక్కడికైనా వెళ్తారు. మీవాళ్ళు ఎక్కడికి వెళ్తారు?"

పెద్దకోడలికి కళ్ళు చెమర్చాయి. అదే క్షణంలో ఒళ్ళు కూడా మండింది. ఏటా మొదటొచ్చే మనిషి జాలిపడి దారి చూపిస్తే, ఆ దారి ఎంత మంచిదైనా కాళ్ళకు గుచ్చుకుంటుంది. రెండూ బయటపెట్టకుండా, "చూద్దాం" అని కుళాయి కట్టేసింది.

చూద్దాం అన్న మనిషి మర్నాడే చుక్కలు కొంది.

బడిలో చాపలు చుట్టేయించి, ఆయా చేత మూలనున్న కుర్చీలన్నీ దింపించింది. చేతికి చెయ్యి అందనంత దూరంలో వేయించింది. "ఇకనుంచి ఒక ఆట," అని పిల్లలకు చెప్పింది. "నేను ఎవర్ని అడిగితే వాళ్ళే చెప్పాలి. పక్కవాళ్ళకి చెప్పకూడదు, పక్కవాళ్ళని అడక్కూడదు. చెప్పినవాళ్ళకి చొక్కా మీద చుక్క. పక్కవాళ్ళకి చెప్తే చుక్క తీసేస్తాను. ఏదీ, అందరూ అనండి, నా జవాబు నాదే."

"నా జవాబు నాదే," అన్నారు పిల్లలు. చాలామందికి ఆ మాటకు అర్థం తెలీదు. జోడు చెవిలో చెప్పడానికి వీల్లేదు కనక తెలిసే దారీ లేదు.

మొదటి రోజు గోలగోలైంది. అందరికన్నా గడుసుది పిట్ట. షెడ్డు కాపలావాడి కూతురు, బడి భాష గలగలా మాట్లాడుతుంది. దాని జోడు గుండు. పేల బాధ పడలేక వాళ్ళమ్మ నున్నగా గొరిగించిన తల, నోట్లో నాలుక లేని పిల్లాడు. వాడు వచ్చిన రోజు గుమ్మం పట్టుకుని వదలకపోతే, పిట్ట వెళ్ళి ఒక్కొక్క వేలూ విప్పి తీసుకొచ్చింది. ఇప్పుడు పెద్దకోడలు గుండును పసుపురంగు చూపించి అడిగింది. వాడు పిట్ట వైపు చూశాడు. పిట్ట నోరు కదిపింది. పెద్దకోడలు పిట్ట చొక్కా మీది చుక్క పీకేసింది.

పిట్ట ఏడవలేదు. నమ్మలేనట్టు చొక్కాకేసి చూసుకుంది. ఇంతకుముందు ఇదే పనికి టీచరు తల నిమిరేది.

పిల్లలకు ఏది నేర్పితే అది వస్తుంది. వాళ్ళతో ఉన్న సుఖం అదే, భయమూ అదే. వారం తిరిగేసరికి సగంమంది ఒంటరిగా చెప్పడం మొదలెట్టారు. మరో వారానికి గుండు కూడా "పసుపు" అన్నాడు, పిట్ట వైపు చూడకుండా, టీచరు చేతిలోని చుక్క వైపు చూస్తూ. పెద్దకోడలు వాడిని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. ఆ ఆనందంలో అబద్ధం ఏమీ లేదు.

ఆయా మాత్రం ఒకరోజు నడుం పట్టుకుని వచ్చింది. "టీచరమ్మా, ఇదివరకు చెప్పులు ఒకళ్ళవి ఒకళ్ళు తొడిగేవాళ్ళు. నీళ్ళ గ్లాసు ఒకళ్ళు పట్టుకుంటే ఒకళ్ళు తాగేవాళ్ళు. ఇప్పుడు అందరూ నన్నే పిలుస్తున్నారు. ఇంతమందికి నేనొక్కదాన్నే ఎక్కడ తొడిగేది?"

"పరీక్ష అయిపోనీ. మళ్ళీ మామూలే," అంది పెద్దకోడలు. నిజంగా అలాగే అనుకుంది.

పరీక్ష రోజు చిన్నకోడలు ఇస్త్రీ చీరలో, బొమ్మల సంచితో, పరాయిమనిషిలా వచ్చింది. గుమ్మంలో "నమస్కారమండి" అంది. పొద్దున్నే ఇద్దరూ ఒకే గిన్నెలో కాచిన కాఫీ తాగి వచ్చారు. "రండి," అంది పెద్దకోడలు అంతే మర్యాదగా. ఆయా నవ్వు ఆగక చీపురు తీసుకుని వెనక్కు పోయింది.

సామాన్ల గదిలో పరీక్ష. పెద్దకోడలు అటువైపు వెళ్ళకూడదు కనక పెరట్లో నిలబడి, పిల్లల తువ్వాళ్ళు ఆరేసింది, తీసింది, మళ్ళీ ఆరేసింది. ఒక్కొక్కరే వెళ్తున్నారు, వస్తున్నారు. ఎవరూ తలుపు బాదలేదు. గుండు బయటికొచ్చి, తర్వాత వెళ్ళాల్సిన పిట్ట పక్కనుంచే నడిచాడు. పిట్ట వాడిని ఏమడిగారని అడగలేదు. వాడూ చెప్పలేదు. పెద్దకోడలు అది చూసి గుండెలనిండా గాలి పీల్చుకుంది, హమ్మయ్య అనుకుంది.

మధ్యాహ్నం సైరన్ మోగాక చిన్నకోడలు బయటికొచ్చింది. చీర నలిగింది, నుదుటిమీద చెమట పట్టింది.

"చెప్పారా?" అంది పెద్దకోడలు. మర్యాదలు మరిచిపోయింది.

"చెప్పారు. మీ గుండుగాడు కుక్కబొమ్మ చూపిస్తే లారీ కింద దూరిన కుక్క కథ చెప్పాడు. నేను ఆపితే తప్ప ఆపలేదు." చిన్నకోడలు నవ్వడానికి ప్రయత్నించింది. "ఉన్నదే వేశానక్కా."

ఉన్నదే వేసింది. తన చేత్తో తనే వేసి, తన బడి తలుపు తనే మూసింది. ఒక్కొక్క పిల్లకు ఒక్క మార్కు అటూ ఇటూ చేసినా అడిగే నాథుడు లేడు. "వాడు తడబడ్డాడు" అంటే ఎవరు కాదంటారు? పెద్దకోడలికి ఆమెను పట్టుకుని ఏడవాలనిపించింది. కానీ పెరట్లో పిల్లలున్నారు, గేటు దగ్గర తల్లులు ఎదురుచూస్తున్నారు. "అన్నం తిని వెళ్ళు," అంది.

ఫలితాలు వచ్చాయి. సగటు సారు స్వయంగా షెడ్ల బడికి వచ్చి, గుమ్మంలోంచే "సగం దాటడం కాదండీ, రెండో స్థానం," అన్నాడు. "ఇదెలా చేశారో మిగతా టీచర్లకి మీరొకసారి చెప్పాలి." పెద్దకోడలు తప్పకుండా అంది. గేటు దగ్గర ఒక తల్లి ఆమె చెయ్యి పట్టుకుని తన భాషలో ఏదో చెప్పింది. మాట తెలియకపోయినా బడి ఉంటుందన్నందుకని తెలిసింది. ఆ రోజు ఇంటికి వెళ్తుంటే పెద్దకోడలికి నేలమీద కాళ్ళు ఆనలేదు. ఇంటిగుమ్మం చూడగానే ఆనాయి.

భోజనాల దగ్గర అత్తగారు కూర కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. ఎవరి మార్కనీ అనలేదు. ఎవరివైపూ చూడలేదు. కాసేపటికి చిన్నకోడలి పళ్ళెంలో ఇంకో గరిటె వేసి, "తిను. బడి పోతే ఆకలి కూడా పోవాలా?" అంది.

సెలవులయ్యాక గుట్టమీది పిల్లలు షెడ్ల బడికి వచ్చారు. మండలం వాళ్ళు వ్యాను పెట్టారు. కార్లున్నవాళ్ళకు వ్యాను, లేనివాళ్ళకు నడక. ఇదీ ఆ శాఖ తీరు. తొమ్మిది మందిలో ముగ్గురు పెద్దతరగతికి వెళ్ళిపోయారు. మిగిలిన ఆరుగురూ చిన్నకోడలి వెనక, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. బయట లారీ హారన్ మోగగానే వాళ్ళలో ఒక పాప గొల్లుమంది. ఆ పాపను చూసి ఇంకో ఇద్దరు అందుకున్నారు.

పెద్దకోడలు ఆ రోజుకని చాపలు మళ్ళీ పరిపించింది. పరీక్ష అయిపోయింది, బడి నిలిచింది, ఇక అంతా మామూలే. కానీ పిల్లలు చాపల మీద కూడా చేతికి చెయ్యి అందనంత దూరంలోనే కూర్చున్నారు. అలా కూర్చోమని ఆ రోజు ఎవరూ చెప్పలేదు. ఎవరి బొమ్మ వాళ్ళు గీసుకుంటున్నారు. గుండు చొక్కా మీద పాత చుక్క ఇంకా ఉంది, జిగురు పోతే అన్నం మెతుకుతో అంటించినట్టుంది.

"కొత్తవాళ్ళొచ్చారు," అంది పెద్దకోడలు. "ఎవరు తీసుకొస్తారు?"

ఇదివరకైతే ఆ మాట పూర్తయ్యేలోపు పదిమంది లేచి, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ గుమ్మం దాకా పరిగెత్తేవాళ్ళు. ఇప్పుడు కొందరు తలెత్తి చూసి మళ్ళీ గీసుకున్నారు. పిట్ట తలెత్తకుండానే, మంచి పిల్ల చెప్పే గొంతుతో, "నా బొమ్మ నాదే," అంది.

చిన్నకోడలు ఏడుస్తున్న పాప వీపు నిమురుతూ తోడికోడలి వైపు చూసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఎవరూ చెప్పక్కర్లేకుండానే పెద్దకోడలికి తెలిసింది. మందు చెప్పింది ఒకరు, వేసింది తను. ఆ వేసిన చేతులకేసి చూసుకుని, ఆమె గుండు దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది.

"నాన్నా, నువ్వు వెళ్తావా? ఆ పాప భయపడుతోంది. చెయ్యి పట్టుకుని తీసుకురా."

గుండు గుమ్మం వైపు చూశాడు. పాప వైపు చాలాసేపు చూశాడు. ఆ గుమ్మాన్ని ఎలా పట్టుకుని వేలాడాడో వాడికి గుర్తుందో లేదో తెలీదు. ఇప్పుడు వాడికి మాటలు బాగా వచ్చేశాయి. స్పష్టంగా అడిగాడు.

"లేస్తే చుక్క పోతుందా టీచర్?"

"పోదు," అంది పెద్దకోడలు. మళ్ళీ అంది. "పోదు నాన్నా. లే."

గుండు ఆమె మొహంలోకి పరీక్షగా చూశాడు. తర్వాత చొక్కా మీది చుక్కను అరచేత్తో కప్పుకుని, ఉన్నచోటే కూర్చున్నాడు. పెద్దకోడలు లేచి తనే గుమ్మం దగ్గరికి వెళ్ళింది.